నూట యాభై పేజీల లోపల

సభకు నమస్కారం. ఈ మధ్యకాలంలో చదివి ఆనందించిన పుస్తకాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, చదివినవన్నీ ఒకచోట రాసుకుని చూశాను. వాటిలో ఇప్పటికీ నన్ను వదలనివి, ఏదో ఒక పేజీ గుర్తుకు వచ్చి మళ్ళీ తెరిచి చూసుకున్నవి, దాదాపు అన్నీ 150 పేజీల లోపు నవలలే అని తేలింది. పాతిక పుస్తకాల పేర్లు గబగబా చదివి వేదిక దిగిపోవడం కన్నా, ఆ చిన్న నవలల్లో కొన్నింటి దగ్గర కాసేపు ఆగి, అవి ఎందుకు చదవదగినవో చెప్పడం మేలనిపించింది. జాబితా విన్న శ్రోతకు సభ ముగిసేసరికి ఒక్క పేరు కూడా గుర్తుండదన్న సంగతి, ఇటువంటి సభల్లో వెనుక వరుసలో కూర్చునే అలవాటున్న నాకు బాగా తెలుసు.

చిన్న నవలను తీరిక లేనివారి కోసం రాసినదిగా చూడటం మనలో చాలామందికి అలవాటు. ప్రచురణకర్తలు సైతం ఒక్క సాయంత్రంలో ముగించవచ్చునన్న ధోరణిలోనే దాన్ని పరిచయం చేస్తారు. ముగించవచ్చునన్న మాట నిజమే కానీ, అది పుస్తకం గురించి చెప్పవలసిన మాటల్లో అన్నిటికన్నా అప్రధానమైనది. పెద్ద నవలలో రచయిత మనకు కావలసినవన్నీ సమకూర్చి పెడతాడు. పాత్రల పూర్వీకులు, ఊరి చరిత్ర, వాతావరణం, పక్కింటివారి తగాదాలు అన్నీ తీరుబడిగా వస్తాయి. చిన్న నవలలో ఒక మనిషి ఇరవై ఏళ్ళ సంసారం రెండు వాక్యాల్లో దాటిపోవచ్చు, ఒక అరగంట సంభాషణ పది పేజీలు ఆక్రమించవచ్చు. దేన్ని దాటవేయాలో, ఎక్కడ నిలవాలో రచయిత తీసుకునే నిర్ణయాలే ఆ నవలకు నిర్మాణం. వదిలేసినదాన్ని పూరించుకునే పని పాఠకుడి మీద పడుతుంది. ఆ పని చేయడానికి ఇష్టపడని పాఠకుడికి చిన్న నవల నిజంగానే చిన్నదిగా కనిపిస్తుంది. కథానికకూ ఈ లక్షణం ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది, అయితే కథానిక ఎక్కువగా ఒక సందర్భాన్ని పట్టుకుంటుంది, చిన్న నవల ఒక మనిషి మారడానికో, మారలేకపోవడానికో కావలసినంత కాలాన్ని మన కళ్ళముందు నడిపిస్తుంది.

ఈ వరుసలో నేను మొట్టమొదట సిఫార్సు చేసేది ఐరిష్ రచయిత్రి క్లేర్ కీగన్ 2021లో ప్రచురించిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీస్’. ఇది 2022లో బుకర్ బహుమతి తుది జాబితాలో నిలిచింది. కథ 1985లో, క్రిస్మస్‌కు ముందు వారాల్లో, ఐర్లండ్‌లోని న్యూ రాస్ అనే చిన్న పట్టణంలో జరుగుతుంది. బిల్ ఫర్లాంగ్ బొగ్గు, కలప అమ్మే వ్యాపారి. భార్య, అయిదుగురు కూతుళ్ళు, అప్పులేని సంసారం, ఎదురుగా గడ్డుకాలం. అతని తల్లి పెళ్ళికాకుండా గర్భవతి అయిన పనిమనిషి. ఆమెను వెళ్ళగొట్టకుండా తన ఇంట్లోనే ఉంచుకుని, పుట్టిన బిడ్డను పెరగనిచ్చిన మిసెస్ విల్సన్ అనే వితంతువు దయవల్లనే ఫర్లాంగ్ ఈనాడు నలుగురిలో ఒకడుగా బతుకుతున్నాడు. తండ్రి ఎవరో అతనికి తెలియదు. అటువంటి మనిషి ఒకరోజు తెల్లవారుజామున కాన్వెంటుకు బొగ్గు దింపడానికి వెళ్ళి, బొగ్గుల కొట్టు తలుపు తీస్తే లోపల రాత్రంతా బంధించి ఉన్న ఒక అమ్మాయి కనిపిస్తుంది.

చరిత్ర తెలిసినవారు ఆ కాన్వెంటు ఏమిటో వెంటనే గుర్తుపడతారు. ఐర్లండ్‌లో మాగ్డలీన్ లాండ్రీల పేరుతో సన్యాసినులు నడిపిన సంస్థల్లో, ‘తప్పుదారి పట్టిన’ వారిగా ముద్రపడిన ఆడపిల్లలు, స్త్రీలు జీతం లేకుండా బట్టలు ఉతికే చాకిరి చేశారు. స్వతంత్ర ఐర్లండ్ ఏర్పడిన 1922 తర్వాతి కాలంలోనే 10,000 మందికి పైగా స్త్రీలు వాటిలోకి వెళ్ళారని ప్రభుత్వ విచారణలో తేలింది. చివరి లాండ్రీ 1996లో మూతపడింది; ప్రధానమంత్రి 2013లో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నవల పూర్తయ్యాక రచయిత్రి జతచేసిన ఒక చిన్న గమనికలో తప్ప, కథలో ఈ అంకెలేవీ లేవు. ఉన్నది ఒక్క బొగ్గుల కొట్టు, ఒక్క అమ్మాయి, ఆమెను చూసిన ఒక్క మనిషి. ఇంత పెద్ద అన్యాయాన్ని తీసుకుని ఆరువందల పేజీల ఉద్గ్రంథం రాసే అవకాశం ఉన్న రచయిత్రి, లాండ్రీ లోపలి గదుల్లోకి మనల్ని దాదాపుగా తీసుకువెళ్ళనే వెళ్ళదు. బయట ఉన్నవారికి ఏమి తెలుసు, తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా ఉండగలిగారు అన్నదే ఆమె ప్రశ్న. అందుకే ఆమె చూపు లోపలి బాధితుల మీదకన్నా గేటు దగ్గర బొగ్గుబస్తాలు దింపే మనిషి మీద నిలిచింది.

ఈ నవలలో నేను మళ్ళీ మళ్ళీ చదివిన ఘట్టం ఒకటి చెబుతాను. కాన్వెంటు పెద్ద అయిన మదర్ సుపీరియర్ ఫర్లాంగ్‌ను లోపలికి పిలిచి, నిప్పుగూడు పక్కన కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అతని కూతుళ్ళ చదువు గురించి అడుగుతుంది. ఊళ్ళో ఆడపిల్లలకు ఉన్న మంచి బడి ఆ కాన్వెంటు గోడ పక్కనే ఉంది, దాన్ని నడిపేదీ వారే. చిన్న కూతుళ్ళకు ఇంకా అక్కడ సీట్లు దొరకవలసి ఉంది. చివర్లో క్రిస్మస్ కానుకగా డబ్బు పెట్టిన ఒక కవరు చేతిలో పెడుతుంది. ఆ సంభాషణలో ఒక్క బెదిరింపు మాట లేదు, గొంతు పెంచడం లేదు. ప్రతి వాక్యమూ మర్యాదగానే ఉంటుంది. అయినా ఆ గదిలో ఏమి జరిగిందో ఫర్లాంగ్‌కూ తెలుసు, మనకూ తెలుసు. అతని భార్య ఐలీన్‌ను కూడా కీగన్ దుర్మార్గురాలిగా చిత్రించలేదు. జీవితంలో ముందుకు పోవాలంటే కొన్నింటిని పట్టించుకోకూడదని ఆమె చెప్పే మాట, మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినపడి ఉంటుందో ఆలోచించండి. ముగింపు గురించి నేను చెప్పను. ఆ ముగింపు తర్వాత జరిగే కథ ఇంకా కష్టమైనదని మాత్రం చదివినవారికి అర్థమవుతుంది, దాన్ని రాయకుండా వదిలేయడంలోనే రచయిత్రి ధైర్యం ఉందని నా నమ్మకం. సరిగ్గా దీన్నే లోపంగా ఎంచి, కథ మధ్యలో ఆగిపోయిందని అనే పాఠకులు ఉన్నారు. వారితో నేను ఏకీభవించలేను.

ఫర్లాంగ్ చూసి తట్టుకోలేకపోయిన మనిషి అయితే, చూసి కూడా కదలని మనిషి కథ కన్నడ రచయిత వివేక్ శానభాగ రాసిన ‘ఘాచర్ ఘోచర్’. ఇది కన్నడంలో 2013లో వచ్చింది. శ్రీనాథ్ పేరూర్ చేసిన ఇంగ్లీషు అనువాదం ద్వారా చాలా దేశాల పాఠకులకు చేరింది. బెంగళూరులో ఒక మధ్యతరగతి కుటుంబం. తండ్రి ఊరంతా తిరిగి సరుకు అమ్మే చిన్న ఉద్యోగి. చిన్నాన్న మసాలా పొడుల వ్యాపారం మొదలుపెట్టాక, ఇరుకు ఇంట్లో చీమలతో యుద్ధం చేసిన కుటుంబం పెద్ద ఇంటికి మారుతుంది. కథ చెప్పే యువకుడికి కుటుంబ సంస్థలో డైరెక్టర్ అన్న హోదా ఉంది, బ్యాంకులో జీతం పడుతుంది, చేసే పని మాత్రం ఏమీ లేదు. ఒక కాఫీ హౌస్‌లో కూర్చుని, అక్కడి వెయిటర్ విన్సెంట్ మాటల్లో ఏదో మహాజ్ఞానం ఉందని నమ్ముతూ, మనకు తన ఇంటి కథ చెబుతాడు. అతని పేరేమిటో చివరివరకూ తెలియదు.

ఈ నవల అందమంతా ఆ కథకుడి గొంతులో ఉంది. అతను అబద్ధాలు చెప్పడు. చెప్పవలసిన సంగతి దగ్గరకు రాగానే పక్కకు జరిగి, ఇంకొక పాత జ్ఞాపకం మొదలుపెడతాడు. ఆ జ్ఞాపకాలు ఎంత ముచ్చటగా ఉంటాయంటే, తండ్రి వసూళ్ళ లెక్క తేలని రాత్రి ఇంటిల్లిపాదీ ఆ కాగితాల చుట్టూ చేరిన దృశ్యం చదువుతున్నప్పుడు, ఆ కుటుంబాన్ని ప్రేమించకుండా ఉండలేము. అదే కుటుంబం తర్వాత ఒకరోజు, చిన్నాన్నను వెదుక్కుంటూ గుమ్మం దగ్గరకు వచ్చిన ఒక స్త్రీని నోటికి వచ్చినట్టు తిట్టి తరిమేస్తుంది. కథకుడి భార్య అనిత ఒక్కతే అది అన్యాయమని నోరు విప్పుతుంది. అతను అక్కడే ఉంటాడు, ఏమీ చేయడు, చేయనందుకు సంజాయిషీ చెప్పుకున్నట్టే అనిపించని ఒక మృదువైన గొంతుతో మనకు ఆ సంగతి వివరిస్తాడు. ఆ మృదుత్వానికి మనం అలవాటుపడిపోయాక, చివరి పేజీల్లో అసలు అతను ఏమి చెప్పకుండా తప్పించుకుంటున్నాడన్న అనుమానం మొదలవుతుంది. మంచివాడనిపించే కథకుడిని నమ్మడం ఎంత తేలికో తెలుసుకోవడానికి దీనికన్నా మంచి పుస్తకం ఈ మధ్య నాకు తారసపడలేదు. ఒక్క సలహా: ముగించిన వెంటనే మొదటి అధ్యాయాన్ని తిరిగి చదవండి. కాఫీ హౌస్‌లో ఊరికే కూర్చున్నట్టు కనిపించిన మనిషి రెండోసారికి వేరే మనిషిగా కనిపిస్తాడు.

పాత పుస్తకాల్లో ఈసారి నేను తిరిగి చదివినది టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’. 1886లో వచ్చిన ఈ నవలికను చాలామంది విద్యార్థి దశలో చదివి పక్కన పెట్టి ఉంటారు. నడివయసు దాటాక చదివితే ఇది వేరే పుస్తకం. 45 ఏళ్ళ న్యాయాధికారి ఒకడు చనిపోయాడన్న వార్తను అతని సహోద్యోగులు పత్రికలో చదవడంతో కథ మొదలవుతుంది. వారి మనసుల్లో మొదట మెదిలేది, ఖాళీ అయిన ఆ పదవి వల్ల ఎవరికి బదిలీ, ఎవరికి పదోన్నతి అన్న ఆలోచన. పరామర్శకు వచ్చిన మిత్రుణ్ణి పక్కకు పిలిచి, భర్త చనిపోయినందుకు ప్రభుత్వం నుంచి ఇంకా ఎంత రాబట్టవచ్చో భార్య ఆరా తీస్తుంది. ఇదంతా టాల్‌స్టాయ్ దాదాపు హాస్యంగా రాశాడు. ఆ తర్వాతే చనిపోయిన ఇవాన్ జీవితకథకు వెనక్కు వెళతాడు.

శిల్పం విషయంలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ నవలికలో 12 అధ్యాయాలు. ముందున్నవి నిడివిగా ఉండి, ఏళ్ళకు ఏళ్ళను చుట్టేస్తాయి. పోనుపోను అధ్యాయాలు కురచవుతాయి, వాటిలోని కాలం నెలలకు, రోజులకు, చివరికి గంటలకు కుదించుకుపోతుంది. మంచం పట్టిన మనిషికి ప్రపంచం ఎలా ఇరుకవుతుందో చెప్పడానికి టాల్‌స్టాయ్ ప్రత్యేకంగా ఒక వాక్యం రాయనవసరం లేకపోయింది. వైద్యులూ కుటుంబమూ అతను చనిపోవడం లేదని నటిస్తున్నప్పుడు, నటించని ఒకే ఒక్క మనిషి గెరాసిమ్ అనే సేవకుడు. నొప్పి తగ్గుతుందని యజమాని అడిగితే, అతని కాళ్ళను తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు. రోగికి సేవ చేసినవారు గానీ, చేయించుకున్నవారు గానీ ఆ పేజీలను తొందరగా దాటలేరు. చివర్లో వచ్చే ఆధ్యాత్మిక పరిష్కారం గురించి మాత్రం నాకు పూర్తి సమాధానం దొరకలేదు. అంతవరకూ నిర్దయగా చూసిన రచయిత అక్కడ కొంచెం తొందరపడ్డాడేమో అనిపిస్తుంది.

తెలుగులో ఈ కోవకు చెందిన పుస్తకం అడిగితే నేను తడుముకోకుండా చెప్పేది కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పందులు కాచే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి ఇంటికి తిరిగిరాని ఒక పంది, పొద్దుగూకుతున్న అడవి, పొదల చుట్టూ తిరిగే నక్కలు. సామగ్రి అంతే. ముసలివాడికి పేరు లేదు. ఒక్క రాత్రిలో కథంతా జరిగిపోతుంది. చదువుతున్నంతసేపూ మనకు కూడా ఆ చీకట్లో పొద ఎక్కడుందో, గాలి ఎటు వీస్తోందో, ఏ చప్పుడు ఏ జంతువుదో పట్టుకోవలసిన అవసరం కలుగుతుంది. ఇంతా చేసి అతను కాపాడటానికి వచ్చిన పందికి అతను యజమానిగా కనిపించడు; పిల్లల జోలికి వచ్చిన మరొక ప్రాణిగానే కనిపిస్తాడు. ఆ ఒక్క పరిస్థితితో కథ సాహసగాథ స్థాయి దాటిపోయింది.

ఈ పుస్తకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా హెమింగ్వే నవలిక ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’తో పోల్చడం ఆనవాయితీ అయింది. ముసలివాడు, ఒంటరితనం, ప్రకృతి, ఒక ప్రాణి అన్న పైపై పోలికలు నిజమే. హెమింగ్వే నవలికను 1952లో ‘లైఫ్’ పత్రిక ఒకే సంచికలో పూర్తిగా అచ్చువేసింది కనుక, ఒక్క బిగిన చదవవలసిన రచన అన్న మాట దానికీ వర్తిస్తుంది. అయినా ఈ పోలికను అంతటితో ఆపడం మంచిది. హెమింగ్వే ముసలివాడికి చేప ప్రత్యర్థి, గౌరవించదగిన శత్రువు. కేశవరెడ్డి ముసలివాడికి పంది జీవనాధారం. దాని ప్రాణమూ పిల్లల ప్రాణమూ అతని రేపటి బతుకు. ఒకడు తన సత్తా ఏమిటో తనకు తాను చూపుకోవడానికి దూరం వెళతాడు, మరొకడు వెళ్ళక తప్పక వెళతాడు. వృత్తిరీత్యా వైద్యుడై, కుష్ఠురోగుల చికిత్సలో దీర్ఘకాలం పనిచేసిన కేశవరెడ్డికి, శరీరం ఎంతవరకు ఓర్చుకుంటుందో తెలుసు. ముసలివాడి అలసట గురించి రాసిన ఏ వాక్యంలోనూ అతిశయోక్తి లేదు. తెలుగు నవలంటే సుదీర్ఘ సంభాషణలని అనుకునే యువపాఠకుల చేతికి మొదట ఇవ్వవలసిన పుస్తకం ఇది.

సమంతా హార్వీ రాసిన ‘ఆర్బిటల్’ గురించి కొన్ని మాటలు చెప్పి ముందుకు వెళతాను. 2024లో బుకర్ బహుమతి పొందిన ఈ నవల నిడివి 136 పేజీలు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు వ్యోమగాములు గడిపే ఒక రోజు ఇందులో కథ. కేంద్రం భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి గంటన్నర పడుతుంది కనుక, మనకు ఒక రోజు గడిచేసరికి వారు 16 సూర్యోదయాలు చూస్తారు. నవల కూడా ఆ 16 ప్రదక్షిణల ప్రకారమే సాగుతుంది. వారిలో జపాను వ్యోమగామి చియేకు తల్లి చనిపోయిన వార్త అందుతుంది. కిందికి వెళ్ళే దారి లేదు. కింద సముద్రం మీద ఒక పెనుతుపాను బలపడుతూ ఉంటుంది. పైనుంచి చూడటం తప్ప వారు చేయగలిగింది లేదు. దుఃఖమూ ప్రమాదమూ రెండూ కిటికీ అద్దం అవతలే ఉండిపోవడం ఇందులోని విశేషం. కథ కోసం చదివేవారు నిరాశపడతారు, సంఘటన అన్నది దాదాపు లేదు. ఖండాల పేర్లు, రంగుల వర్ణనలు కొన్నిచోట్ల నాకూ విసుగు పుట్టించాయి. రోజుకు రెండు మూడు ప్రదక్షిణల చొప్పున నిదానంగా చదివితే ఆ విసుగు ఉండదు. నేను చెబుతున్న పుస్తకాల్లో ఒక్క బిగిన చదవకూడనిది ఇదొక్కటే.

చివరిగా, అందరికీ సిఫార్సు చేయడానికి కొంత సంకోచించే పుస్తకం. మెక్సికో రచయిత హువాన్ రూల్ఫో 1955లో ప్రచురించిన ‘పెద్రో పారమో’. హువాన్ ప్రెసియాదో అనే యువకుడు, మరణశయ్య మీద ఉన్న తల్లికి ఇచ్చిన మాట ప్రకారం, ఎన్నడూ చూడని తండ్రిని వెదుక్కుంటూ కొమాలా అనే ఊరికి వస్తాడు. ఊరు పాడుపడి ఉంటుంది. ఎదురైనవారు మాట్లాడతారు, ఆశ్రయం ఇస్తారు, పాత సంగతులు చెబుతారు. వారిలో ఎవరు బతికి ఉన్నారో, ఎవరు ఎప్పుడో చనిపోయారో అతనికీ మనకూ క్రమంగా గానీ తెలియదు. అధ్యాయాలు లేవు. చిన్నచిన్న ఖండికలుగా, కాలం ముందుకూ వెనక్కూ దూకుతూ, గొంతులు మారుతూ సాగుతుంది. ఊరంతటినీ తన గుప్పిట్లో పెట్టుకున్న భూస్వామి పెద్రో పారమో చేసిన దుర్మార్గాలన్నీ వరుసగా చెప్పి ఉంటే ఇది ఒక తరం చరిత్ర చెప్పే లావుపాటి నవల అయ్యేది. రూల్ఫో వరుసను తీసేశాడు, వివరణలను తీసేశాడు. చనిపోయినవారి ఫిర్యాదులను మాత్రం మిగిల్చాడు. ఇంత అరాచకం చేసిన మనిషి సుసానా అనే స్త్రీని ప్రేమించి, ఆమె మనసులోకి చివరికంటా ప్రవేశించలేకపోయిన వైనం ఆ ఫిర్యాదుల మధ్యలోనే వినపడుతుంది.

1961లో మెక్సికోకు వచ్చిన కొలంబియా నవలాకారుడు గార్సియా మార్కెజ్ చేతిలో ఒక మిత్రుడు ఈ పుస్తకం పెట్టాడని, ఆ రాత్రి రెండుసార్లు చదివేదాకా నిద్రపోలేకపోయానని మార్కెజ్ స్వయంగా రాసుకున్నాడు. రెండుసార్లు అన్న మాటను అతిశయోక్తిగా తీసుకోకండి. మొదటిసారి చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలియని చోట్లు చాలా వస్తాయి. అక్కడ ఆగి, పేర్లు కాగితం మీద రాసుకుని, వంశవృక్షం గీసుకునే ప్రయత్నం చేయవద్దని నా మనవి. ఆ గొంతులను విని ముందుకు సాగిపోండి. సుమారు సగం దగ్గర కథకుడి విషయంలోనే ఒక సంగతి బయటపడుతుంది, దానితో అంతవరకూ చదివినదంతా కొత్త క్రమంలో సర్దుకుంటుంది. అట్ట వెనుక రాసిన పరిచయం, పండితులు రాసిన ముందుమాట ఈ సంగతిని ముందే చెప్పేసే ప్రమాదం ఉంది కనుక వాటిని చివరికి వదిలేయండి. రూల్ఫో పేరు నిలబెట్టిన పుస్తకాలు ప్రధానంగా రెండే. రెండోది 1953లో, ఈ నవలకు ముందు వచ్చిన కథల సంపుటి. ‘పెద్రో పారమో’ మరీ దుర్గమంగా అనిపించినవారు దాన్ని పక్కన పెట్టి ఆ కథలతో మొదలుపెట్టవచ్చు. వాటిలో కాలం తిన్నగానే నడుస్తుంది, మనుషులు అవే మనుషులు.